గురువారం నేను విన్న గుండె

ఆ కాగితం చేతిలో పెట్టగానే హాల్లో అందరం నవ్వాం. నెల్లూరులో రెండు రోజుల ట్రైనింగు. జిల్లాలోని సబ్‌సెంటర్ల నుంచి వచ్చిన ఏఎన్ఎంలం, అంటే ఊళ్ళు తిరిగి గర్భిణులనూ పసిబిడ్డలనూ చూసుకునే నర్సులం, చల్లారిపోయిన ఉప్మా తిని, ఏసీ చలికి కొంగులు కప్పుకుని కూర్చున్నాం. కాగితంలో మేము చేసే పనులన్నీ వరసగా అచ్చువేసి ఉన్నాయి. ఒక్కో పనికి ఎదురుగా ఒకటి నుంచి ఐదు దాకా గళ్ళు. ఎవరి పనితనానికి వాళ్ళే మార్కులు వేసుకోవాలి. ఒకటంటే ఈ పని నాకు రాదని. ఐదంటే ఎవరి సాయమూ లేకుండా చేయగలను, ఇంకొకరికి నేర్పగలను కూడా అని.

"మన పెండ్లిచూపులకు మనమే పోయి, పిల్ల లక్షణంగా ఉండాదని మనమే చెప్పి రావాలంట" అంది నా పక్కన కూర్చున్న పెద్దావిడ. సంగం వైపు ఏదో ఊళ్ళో పనిచేస్తుంది, రిటైర్మెంటుకు దగ్గరలో ఉంది. నా చెవి దగ్గరకు వంగి ఉపాయం కూడా చెప్పింది. "అన్నీ ఐదులు పెట్టినావంటే పొగరంటారు. మూడులు పెట్టినావంటే మళ్ళా ట్రైనింగుకు రమ్మంటారు. నాలుగులు పెట్టుకుంటా పొయ్యి, నడాన రెండు ఐదులు పడెయ్. బస్సు దొరికే టయానికి బయటపడొచ్చు."

ఆమె చెప్పినట్టే మొదలుపెట్టాను. బీపీ చూడటం నాలుగు. టీకాలు వేయడం ఐదు, అందులో నాకు అనుమానం లేదు. రక్తహీనత గుర్తించడం నాలుగు. రెండో పేజీ తిప్పాను. మొదటి వరుసలోనే ఉంది: గర్భిణి పొట్ట మీద శిశువు గుండె చప్పుడు విని, లెక్కపెట్టి, కార్డులో నమోదు చేయడం.

నా పెన్ను ఆగిపోయింది. పెద్దావిడ పక్కనుంచి తొంగి చూసి, "ఇదేందిమే, దీనికాడ ఆలోచిస్తావు? నీ చెవి సంగతి జిల్లా అంతా తెలిసిందే గదా!" అంది. నేను ఆ గడి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

నా చెవి సంగతి జిల్లా అంతా తెలిసిందే. ఇరవై ఏళ్ళకు పైగా తోటపల్లి గూడూరు వైపు సముద్రపు ఒడ్డు ఊళ్ళలో పని చేస్తున్నాను. ఒక పక్క రొయ్యల గుంటలు, ఒక పక్క వరి, చివరన ఇసకలో చేపలు పట్టే వాళ్ళ పాళెం. మాకు మెషీన్లు ఇస్తారు, పాడైతే బాగుచేసేవాడు రాడు. బిడ్డ గుండె వినే డాప్లర్ మెషీను ఆర్నెల్లు పనిచేసి ఉప్పుగాలికి మూగబోయింది. నేను ట్రైనింగు రోజుల నాటి స్టీలు గొట్టంతోనే వింటాను. ఒక కొస పొట్ట మీద, ఒక కొస నా చెవికి. అలలు హోరుమంటున్నా, గుడిసె బయట కోళ్ళు అరుస్తున్నా బిడ్డ గుండె ఎక్కడుందో పట్టేస్తానని పేరు. "నర్సమ్మ చెవి పెట్టిందంటే స్కానింగు దేనికి" అని పాళెంలో ముసలమ్మలు అంటారు. విని మురిసిపోయేదాన్ని. ఎందుకు అబద్ధం చెప్పాలి, బాగా మురిసిపోయేదాన్ని.

గొట్టం పెట్టి వినేటప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. ట్రైనింగులో మా టీచరమ్మ అది మా చేత వంద సార్లు చేయించి ఉంటుంది. ఒక చేత్తో తల్లి మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ వినాలి. చెవిలో వినిపించేదీ వేళ్ళకు తగిలేదీ వేరువేరుగా నడిస్తే అది బిడ్డ గుండె. రెండూ కలిసి నడిస్తే అది తల్లిదే. "చెయ్యి పట్టకుండా వినినావంటే నీకేం వినపడినా వినపడనట్టే లెక్క" అనేది ఆవిడ. అప్పుడు చెప్పకుండా వదిలేసిందో, చెప్పినా నేను వినలేదో, ఇంకో గుండె కూడా ఉంటుంది. వినేదాని గుండె.

నాలుగేళ్ళ కిందటి గురువారం అది. ఆ రోజు నెల్లూరులో మా చెల్లెలి కూతురికి ప్రధానం, మా వాళ్ళలో పెళ్ళికి ముందు చర్చిలో జరిగే నిశ్చితార్థం. పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, పది గంటలకల్లా బయల్దేరాల్సిన దాన్ని. ఇంతలో పాళెం నుంచి ఆశా వర్కర్ ఫోను. ఫలానా పిల్లకు తొమ్మిదో నెల, బిడ్డ కదలిక తగ్గిందంటోంది, ఒకసారి చూసి పోతావా అని. ఆ పిల్లకు పెళ్ళయి ఆరేళ్ళకు నిలిచిన మొదటి కడుపు. సరే, అయిదు నిమిషాల పనే కదా అనుకుని స్కూటరు అటు తిప్పాను.

పాళెంలోకి పోయే దారిలో ఇసక. స్కూటరు చక్రం కూరుకుపోయింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఇసక మిట్టమీదికి స్కూటరును తోసుకుంటూ పోయాను. నా తిట్లు ఆ రోజు సముద్రం కూడా వినే ఉంటుంది. వాళ్ళ గుమ్మంలోకి పోయేసరికి ఊపిరి అందడం లేదు, గుండె దడదడలాడుతోంది. ఆ పిల్ల రొయ్యల షెడ్డు నుంచి అప్పుడే వచ్చింది. తలలు తీసే పని, కూర్చుని చేసేదే కాబట్టి తొమ్మిదో నెలలోనూ పోతోంది. నన్ను చూసి నవ్వి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వాసనక్కా. సబ్బేసి కడిగినా పోదు. నువ్వేమో పట్టుచీరలో ఉండావు."

"ఎప్పట్నుంచి కదల్లేదు?" అన్నాను.

"మంగళవారం నుంచి మెత్తగా ఉండాది. అసలు కదలడం లేదని కాదుగానీ... నాకే తెలియడం లేదేమో."

నులక మంచం మీద పడుకోబెట్టి గొట్టం పెట్టాను. ఆ పిల్ల చేతులు రెండూ ఒంటికి దూరంగా, మంచం అంచుల మీద పెట్టుకుంది, నా చీరకు తగలకుండా. నేనూ పట్టుకోలేదు. రొయ్యల వాసన నా చేతికి అంటితే ప్రధానంలో ఎలా అని నా మనసులో ఉన్నది అదొక్కటే. ఇన్నేళ్ళుగా నర్సును, మాట్లాడితే దేవుని సేవ అంటాను, ఒక పిల్ల చెయ్యి పట్టుకోవడానికి వెనకాడాను. ఈ వాక్యం రాయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

వినిపించింది. చెవి గొట్టానికి గట్టిగా ఆనించగానే వినిపించింది, వడివడిగా. గడియారం చూసి నిమిషం లెక్కపెట్టలేదు. కార్డులో నిమిషానికి నూట నలభై అని రాశాను. మాలో సగం మంది నూట నలభైయే రాస్తారు. తప్పుపట్టడానికి వీల్లేని అంకె అది.

"బాగా కొట్టుకుంటా ఉంది. భయపడబాక. కడుపునిండా తిని ఎడమవైపు తిరిగి పడుకో" అన్నాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "కొట్టుకుంటా ఉందంట" అని వాళ్ళ అత్తకు కేకేసి చెప్పింది. నేను ప్రధానానికి వేళకు అందుకున్నాను. ఫొటోల్లో నవ్వుతూ ఉన్నాను, మా చెల్లెలి ఇంట్లో ఆ ఫొటో ఇప్పటికీ ఉంది.

శనివారం ఆ పిల్లకు నొప్పులొచ్చాయి. నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. నేను పోయేసరికి కాన్పయిపోయింది. ఆడబిడ్డ. గుడ్డ తీసి చూశాను. ఒంటి మీద చర్మం పొరలు పొరలుగా ఊడిపోయి ఉంది. ఇంత కాలం పనిచేసినదాన్ని, నాకు అర్థం కావడానికి డాక్టరు చెప్పక్కర్లేదు. అయినా ఆ డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నాతో చెప్పింది. "నాలుగు రోజులైనా అయి ఉంటుంది పోయి. ముందే ఎందుకు పంపించలేదు?"

నాలుగు రోజులు. అంటే మంగళవారం. అంటే గురువారం నేను చెవి పెట్టినప్పుడు ఆ కడుపులో కొట్టుకునేది ఏదీ లేదు.

బయట వరండాలో కుటుంబం వాళ్ళకు మాత్రం డాక్టరమ్మ "కడుపులోనే పోయిందమ్మా" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది. ఎన్ని రోజులని వాళ్ళు అడగలేదు, ఆమె చెప్పలేదు. వాళ్ళే లెక్క కట్టుకున్నారు. గురువారం నర్సమ్మ చూసింది, బిడ్డ బాగుంది. శనివారానికి లేదు. మధ్యలో శుక్రవారం. శుక్రవారం ఏం జరిగింది? షెడ్డు దగ్గర ఒకామె రాలేదని, ఆ పిల్ల రొయ్యల గంప ఎత్తి లోపలికి మోసింది. ఒక్క గంప.

"గంప ఎత్తి చంపుకున్నావు గదే బిడ్డని!" అని వాళ్ళ అత్త ఆ వరండాలోనే నెత్తి కొట్టుకుని ఏడ్చింది. ఆమె చెడ్డది కాదు. ఆరేళ్ళు ఆ కడుపు కోసం మొక్కని దేవుడు లేడు. మా చర్చికి కూడా వచ్చి ప్రార్థన చేయించుకుంది.

స్ట్రెచరు మీద నుంచి ఆ పిల్ల నన్ను చూసింది. "అక్కా, నువ్వు వినినప్పుడు బాగుండింది గదా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. "ఆ. బాగుండింది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలుసు. భయం. ఉద్యోగం భయం కొంత, పేరు భయం ఎక్కువ.

ఇంటికొచ్చి నాకు నేను చెప్పుకున్న సమర్థన ఇంకా ఘోరం. నా తప్పు వల్ల బిడ్డ పోలేదు కదా, నేను చూసేనాటికే పోయింది కదా, పంపినా బతికేది కాదు కదా అని. నిజమే. నేను ఎవరినీ చంపలేదు. నేను చేసిందల్లా కార్డులో నూట నలభై అని రాయడం. ఆ అంకె ఉండబట్టే ఆ పిల్ల హంతకురాలైంది.

సోమవారం సబ్‌సెంటరుకు పోయాను. మరి గురువారం నేను విన్నదేమిటి? తల్లి నాడి అనుకుందామా అంటే, విన్నది అంతకంటే వడిగా ఉంది. నా చెవి మీద నాకే కోపం వచ్చింది. స్కూటరు బయటికి తీసి, గేటు నుంచి సరుగుడు తోపు దాకా ఆ రోజులాగే తోసుకుపోయి, మళ్ళీ తోసుకొచ్చాను. దారిన పోయే ఒకాయన "ఏం నర్సమ్మా, పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు. రొప్పుతూ లోపలికి వచ్చి, గొట్టాన్ని రిజిస్టర్లు పెట్టుకునే చెక్క బల్ల మీద నిలబెట్టి, చెవి గట్టిగా ఆనించాను.

బల్లలోంచి గుండె వినిపించింది. వడివడిగా, స్పష్టంగా. అదే చప్పుడు.

చచ్చిన బిడ్డ మీద చెవి పెట్టి నా గుండె నేనే విని, బాగా కొట్టుకుంటా ఉందని చెప్పొచ్చాను. దేవా, దేవా అనడం తప్ప ఇంకేం చేతకాలేదు.

అప్పటి నుంచి ఆ చప్పుడు నన్ను వదల్లేదు. రొయ్యల గుంటల గట్టు మీద పోతుంటే ఏరియేటర్లు నీళ్ళు కొడుతూ తిరుగుతాయి, వాటి శబ్దంలో వినిపిస్తుంది. ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తుంటే పాట ఆపేసి కూర్చుంటాను. దిండుకు చెవి ఆనించి పడుకోలేను, వెల్లకిలా పడుకోవడం అలవాటు చేసుకున్నాను. మా ఆయన మెడనొప్పా అని అడిగి, బామ్ తెచ్చిపెట్టాడు. పాపం, దానికి మందు అది కాదని ఎలా చెప్పను?

ప్రార్థనలో ఒప్పుకున్నాను. దేవుడు క్షమించాడనే అనుకున్నాను. కానీ గంప ఎత్తావని ఊరంతా ఆడిపోసుకున్నది ఆయన్ని కాదు.

నా పని మాత్రం బాగుపడింది. నవ్వొస్తుంది చెబితే. ఆ తరవాత నేను చెయ్యి పట్టుకోకుండా వినలేదు. పరుగున వచ్చిన రోజు నీళ్ళు తాగి, పది నిమిషాలు కూర్చుని, అప్పుడే గొట్టం తీసేదాన్ని. నిమిషం నిండా లెక్కపెట్టేదాన్ని. చిన్న అనుమానం వచ్చినా నెల్లూరుకు తరిమేదాన్ని. రెండుసార్లు సకాలంలో పంపిన బిడ్డలు బతికారు. దానికి ఒక సభలో శాలువా కప్పారు. భయంతో చేసే పనిని నిబద్ధత అంటారని అప్పుడు తెలిసింది.

ట్రైనింగు హాల్లో ఆ గడి ముందు కూర్చుని ఇదంతా తిరగేశాను. ఈ కాగితం నువ్వు చేయగలవా అని అడుగుతోంది. ఆ రోజు చేశావా అని అడగడం లేదు. చేయగలను. గురువారం కూడా చేయగలిగే ఉన్నాను, అందుకే కదా ఇంత మంట. ఒకటి మీద టిక్కు పెట్టాను.

సాయంత్రం కాగితాలు చూస్తున్న ట్రైనింగు డాక్టరమ్మ నన్ను పిలిచింది. చిన్న వయసు, మంచి మనిషి. "అక్కా, మీరు పొరపాటున తిరగేసి టిక్కు పెట్టినట్టున్నారు. ఒకటంటే రాదని, ఐదంటే బాగా వచ్చని" అంది.

"పొరపాటు కాదు మేడమ్" అన్నాను.

"మీ పేరు కొత్త వాళ్ళకు నేర్పించే లిస్టులో పెట్టాం. మీకే రాకపోతే ఇంకెవరికి వస్తుందక్కా!" అని నవ్వి, నా కళ్ళ ముందే దిద్దేసింది. ఐదు చేసింది. అందరూ నవ్వారు. వినయం అనుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆమె మీద కాదు, ఆ కాగితానికి చెప్పి చేతులు దులుపుకుందామనుకున్న నా మీద. చెప్పాల్సిన మనిషి ఇసకలో గుడిసెలో ఉంటే, నేను ఏసీ హాల్లో గడికి చెబుతున్నాను.

ఎందుకంటే ఆ పిల్ల మళ్ళీ గర్భిణి. నాలుగేళ్ళకు నిలిచింది. ఎనిమిదో నెల.

నిలిచిందని తెలిసిన రోజు నుంచి మంచం దిగలేదు. చెంబు కూడా ఎత్తదు. జడ కూడా అత్తే వేస్తుంది. కాళ్ళు పుల్లల్లా అయిపోయాయి. నేను వారం వారం పోయి చెయ్యి పట్టుకుని వింటున్నాను, గుండె ఉంది, నిజంగా ఉంది. కానీ టేపు పెట్టి కొలిస్తే పొట్ట ఎదుగుదల చాలడం లేదు. స్కానింగు తీయించాలి, పెద్ద డాక్టరు చూడాలి. మూడు వారాలుగా చెబుతున్నాను. ఒకటే జవాబు.

"ఆటోలో కుదుపులు తగిల్తే? నేను రాను. నువ్వు వింటా ఉండావు గదక్కా, అది చాలు నాకు. ఆ మిషన్లకంటే నీ చెవే నాకు గట్టి."

వాళ్ళ అత్త కూడా అదే. "అప్పుడు నువ్వు చెప్పినట్టు పడుకోని ఉండింటే బిడ్డ దక్కేది. ఈసారి కదలనీను."

అంటే నా అబద్ధం ఇంకా పనిచేస్తూనే ఉంది. ఒక బిడ్డ పోయాక తల్లిని హంతకురాలిని చేసింది, ఇప్పుడు రెండో బిడ్డను ఆస్పత్రికి పోనివ్వకుండా పట్టుకుని కూర్చుంది.

ట్రైనింగు అయిన మర్నాడే పోయాను. పొద్దున పది గంటల వేళ. ఆ పిల్ల మంచం మీద ఉంది, అత్త గుమ్మంలో కూర్చుని వల చిక్కులు తీస్తోంది. నేను గొట్టం తీయలేదు.

"ఒక మాట చెప్పాలి. ఇద్దరూ వినండి" అన్నాను. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. పట్టుచీర సంగతి చెప్పాను. చెయ్యి పట్టుకోలేదని చెప్పాను, ఎందుకు పట్టుకోలేదో కూడా చెప్పాను. స్కూటరు, ఇసక, నా గుండె దడ. బిడ్డ మంగళవారమే పోయిందని, ఆస్పత్రి డాక్టరమ్మ నాతో చెప్పిందని, నేను దాచానని. "గంప వల్ల కాదు. నువ్వు గంప ఎత్తే నాటికి అయిపోయింది. నీ తప్పు ఇంత కూడా లేదు. నేను వినింది నా గుండెని."

అత్త చేతిలో వల అలాగే ఉండిపోయింది. "ఏందమ్మా నువ్వు చెప్పేది?" అంది. మళ్ళీ, "నాలుగేండ్లమ్మా. నాలుగేండ్లు నేను దాన్ని అనని మాట లేదే" అంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ పిల్ల నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. కప్పు వైపు చూస్తూ వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది. గురువారం, శుక్రవారం. ఆ తరవాత మెల్లగా అడిగింది.

"నువ్వు కొట్టుకుంటా ఉందని చెప్పిపోయినాక, నాకు సంతోషం పట్టలేదక్కా. రెండు దినాలూ దాంతోనే మాట్లాడతా ఉన్నా. సముద్రం చూపిస్తానని చెప్పినా. పేరు పెట్టి పిలిచినా. మరి నేను ఎవురితో మాట్లాడినట్టు?"

ఇన్నేళ్ళూ గంప గురించే ఆలోచించాను, ఆ రెండు రోజుల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. "తప్పయిపోయింది" అన్నాను. ఎంత చిన్న మాట అది.

ఆ పిల్ల లేచి కూర్చుంది. కాళ్ళు కింద పెట్టింది. అత్త పరుగెత్తుకొచ్చి పట్టుకోబోతే, "ఉండత్తా, నడస్తా" అంది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది, నెలల తరవాత. గుమ్మం దగ్గర ఆగి, "ఆటోని పిలువు. నెల్లూరుకు పోదాం" అంది అత్తతో.

నేను ఫైలు తీసుకుని లేచాను. కార్డు, చీటీలు నా దగ్గరే ఉన్నాయి. ఎవరితో మాట్లాడాలో, ఏ గదికి పోవాలో నాకు తెలుసు.

"నువ్వు రాబాకక్కా" అంది. కోపంగా అనలేదు. ఫైలు మాత్రం నా చేతిలోంచి తీసుకుంది.

ఆటో మిట్ట దిగి పోయేదాకా నిలబడ్డాను. స్కానింగులో బిడ్డ చుట్టూ నీరు తక్కువగా ఉందని అక్కడే ఉంచేసుకున్నారని ఆశా వర్కర్ చెప్పింది. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే చెప్పలేమన్నారట. నేను మూడుసార్లు నెల్లూరు పోయాను. ఆస్పత్రి గేటు దాకా పోయి, లోపలికి పోకుండా తిరిగొచ్చాను. పిలవని చోటికి ఏ ముఖంతో పోను?

ట్రైనింగు డాక్టరమ్మ దగ్గరకు మాత్రం పోయి, జరిగిందంతా కాగితం మీద రాసిచ్చాను. లిస్టులోంచి నా పేరు తీసేయమన్నాను. ఆమె అది రెండుసార్లు చదివింది. తరవాత, తీయనంది. కొత్త పిల్లలకు మొదటి రోజు ఇదే చెప్పమంది. ఇప్పుడు అదే చేస్తున్నాను. ఒక్కొక్కరినీ వరండాలో పరుగెత్తించి, రొప్పుతూ ఉండగా గొట్టం బల్ల మీద పెట్టి వినమంటాను. మొదట నవ్వుతారు. చెవి ఆనించాక నవ్వరు. అలా వాళ్ళ ముఖాలు మారుతుంటే నేను చూడలేక కిటికీ వైపు తిరుగుతాను.

అలాంటి ఒక క్లాసు మధ్యలోనే ఫోను మోగింది. వాళ్ళ అత్త. వెనక ఆస్పత్రి గోల, గిన్నెల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం.

"నర్సమ్మా, ఆపరేషను చేసి తీసినారు. ఆడబిడ్డ" అంది. నేను ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను. ఆమే మళ్ళీ అంది. "ఏడిచింది. గట్టిగా ఏడిచింది. వార్డులో ఉండేవాళ్ళంతా వినినారు. ఆ మాట నీకు చెప్పమనింది మా కోడలు."

బరువెంత అని అడగబోయాను. అప్పటికే ఫోను పెట్టేసింది.